నేను పెట్టని ఇంటూ

రేడియోలు బాగుచేసే రోజుల్లో, ఇక పనికిరాని సెట్టు వెనక సుద్దముక్కతో ఇంటూ కొట్టేవాణ్ణి. ఆశపెట్టి మనుషుల్ని తిప్పుకోవడం నాకు చేతకాదు. కొట్టు మూసేశాక ఫోన్లో సైన్సు వార్తల గ్రూపులో చేరాను. అక్కడా అదే పని. నమ్మకూడని వార్త కింద ఇంటూ పెడతాను. చదివింది మూడో తరగతి. ఒక్కో వార్తకి ఒక పూట పడుతుంది. అయినా చివరిదాకా చదువుతాను. గ్రూపులో నన్ను ఇంటూ తాత అంటారు.

మా ఆవిడ బట్టలు కుట్టేది. కంటి నరం ఎండిపోయి రెండేళ్లయింది, చూపు లేదు. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. గ్రూపులో వచ్చిన మెసేజీలన్నీ ఫోనే ఆమెకు చదివి వినిపిస్తుంది. లింకు తెరిచి లోపలి వార్త చదవాల్సింది మాత్రం నేనే.

మంగళవారం పొద్దున ఒక వార్త వచ్చింది. ఏవో చుక్కలు వేస్తే ఎండిన కంటి నరం మళ్లీ చిగురించిందట.

మధ్యాహ్నానికి గ్రూపు రెండు ముక్కలైంది.

"వచ్చినా మనదాకా రాదులే" అన్నాడొకడు.

"ముందు రానీ, తర్వాత ఏడుద్దువుగాని" అంది లెక్కల టీచరు.

"తాత ఇంకా కూడబలుక్కుంటున్నట్టున్నాడు" అన్నాడు ఇంకొకడు.

అప్పటికే నా చదవడం అయిపోయింది. చిగురించింది ఎలుకలకి. మనుషుల మీద ఇంకా మొదలే పెట్టలేదు.

"ఏమండీ, ఇంటూ పెట్టారా?" అంది మా ఆవిడ.

"లేదు."

"పెడతారా?"

"చదువుతున్నా."

సాయంత్రం ఆమె తడుముకుంటూ మూలనున్న కుట్టుమిషను దగ్గరికి వెళ్లింది. మూత తీసి చక్రం కదిపి చూసింది.

"పట్టేసింది. కాస్త నూనె వెయ్యండి."

వేశాను. చక్రం తిరిగింది.

"మొదట్లో దారం మీరే ఎక్కించాలి. మీకేమో చేతుల వణుకు. ఇద్దరం కలిస్తే ఒక టైలరు" అని నవ్వింది. ఆ నవ్వు విని రెండేళ్లయింది.

మర్నాడు ఆమె మిషను ముందే కూర్చుని ఉంది, ఫోను ఒళ్లో పెట్టుకుని. గ్రూపులోని లారీ డ్రైవరు రాసింది ఫోను పైకి చదివింది.

"తాత ఇంటూ పెట్టలేదంటే నిజమే. మా అమ్మకి శుక్రవారం కంటి ఆపరేషను. ఉన్న చూపన్నా నిలబడుతుందంటున్నారు. ఆవిడకి భయం. మానిపించేస్తున్నా. ఆ చుక్కలొచ్చేదాకా ఆగుతాం."

ఆమె ఒళ్లోంచి ఫోను తీసుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. పంపగానే ఫోను అదీ చదివేసింది.

"ఇంటూ. ఎలుకలకి మాత్రమే. అమ్మకి ఆపరేషను మానిపించకు నాయనా."

చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నిన్ననే తెలుసా మీకు?"

"తెలుసు."

కాసేపటికి ఫోను మళ్లీ మాట్లాడింది. "సరే తాతా. శుక్రవారమే తీసుకెళ్తా."

"పోన్లే" అంది ఆమె.

లేచి, మూత ఎక్కడుందో వెతుక్కుంది. నేను అందించబోతే వద్దంది. తనే రెండు చేతులతో మిషను మీద దించింది.

"సరిగ్గా పడిందా?"

"పడింది" అన్నాను.