కల్లిరోయి దాక్కున్న రోజు

మా బడికి ఒక్కతే విద్యార్థిని. పేరు కల్లిరోయి, పదేళ్ళ పిల్ల. మాస్టారిని నేనొక్కణ్ణే. మా గ్రీకు దీవిలో మిగిలినవాళ్ళు చాలామంది యాభై దాటినవాళ్ళు. కల్లిరోయి కాక పిల్లలంటే ఇంకా మాటలు రాని పసివాళ్ళు ఇద్దరే. అందుచేత కల్లిరోయి అన్ని పరీక్షల్లోనూ ఫస్టే, పరుగుపందెంలోనూ ఫస్టే. ఎవరైనా ఆ సంగతి ఎత్తి మెచ్చుకుంటే మూతి ముడుచుకునేది.

"లాస్టు కూడా నేనే కదా మాస్టారూ," అనేది.

ఆ ఏడు బడి తెరవగానే మాకు స్లోవాకియాలో ఒక బడితో పొత్తు కుదిరింది. కొండల నడుమ చిన్న ఊరు వాళ్ళది. వారానికి రెండు పూటలు వాళ్ళ తరగతి మా గోడమీద తెరలో కనబడేది, మా తరగతి వాళ్ళ గోడమీద. వాళ్ళ టీచరు ద్రహోమీరా, నేను చెరో పాఠం చెప్పేవాళ్ళం. వచ్చీరాని ఇంగ్లీషు, చేతిసైగలు, బల్లమీద బొమ్మలు, వీటితోనే చదువంతా నడిచేది.

మొదటి రోజు తెరమీద అంతమంది పిల్లలు ఒక్కసారిగా చేతులూపేసరికి కల్లిరోయి నా వెనక్కి వచ్చి నిలబడింది. రెండు వారాలు గడిచాక నోరు మూయించడం నా వల్ల కాలేదు. ఎక్కాల పోటీలో రాదొవాన్ అనే కుర్రాడు ఆమెను ఓడించిన రోజున రేవంతా పరుగెత్తి, వల బాగుచేసుకునేవాళ్ళకీ కాఫీకొట్టు మరిగోకీ తను ఓడిపోయానని చెప్పి వచ్చింది. పిల్లకి జ్వరమేమైనా తగిలిందా అని మరిగో నన్ను అడిగింది.

నవంబరులో ఒకనాడు ల్యుబిత్సా అనే అమ్మాయి, విరామంలో నువ్వు ఏ ఆటలు ఆడుకుంటావని అడిగింది. చర్చి గోడకి బంతి కొడతానంది మా పిల్ల. దాగుడుమూతలు ఆడవా అంది ఆ పిల్ల.

కల్లిరోయి తెర దగ్గరికి జరిగింది. "దాక్కోవడం వచ్చు. వెతికేదెవరు?"

తెరమీద పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ద్రహోమీరా ఏదో సర్దిచెప్పబోయింది. ఈలోగా రాదొవాన్ బల్లమీద చెయ్యేసి, "మేం వెతుకుతాం," అన్నాడు.

ఎలాగని ఎవరూ అడగలేదు. అప్పటికే అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ నెల మా పాఠం ఒకరి భాషలో ఒకరు దారి చెప్పడం. కుడి, ఎడమ, పైకి, కిందికి, కూర్చో, లే. దాని పరీక్ష ఈ ఆటే అని ద్రహోమీరా తేల్చేసింది. కల్లిరోయి ఊళ్ళో ఎక్కడైనా దాక్కోవాలి. నేను టాబ్లెట్ ముందుకు పట్టుకుని, పిల్లలు గ్రీకులో ఎటు వెళ్ళమంటే అటు వెళ్ళాలి, నోరు మాత్రం విప్పకూడదు. వాళ్ళ బడి గంట కొట్టేలోగా దొరక్కపోతే గెలుపు ఆమెది. నా మోకాళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం వచ్చింది. పిల్లలు కళ్ళు మూసుకుని గ్రీకులో యాభై దాకా లెక్కపెట్టారు. నేనూ గోడవైపు తిరిగి నిలబడ్డాను. మెట్లమీద చెప్పుల చప్పుడు టపటపమని వినిపించింది, ఆపైన గాలి హోరు ఒక్కటే.

గుమ్మం దాటగానే "దెక్సియా" అని సగం మంది, "అరిస్తెరా" అని సగం మంది కేకపెట్టారు. ఒకటి కుడి, ఒకటి ఎడమ. నేను నడివీధిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాను. చివరికి కుడివాళ్ళు నెగ్గారు. మరిగో కొట్లోకి వెళ్ళాం. పిల్లలు బల్ల కిందికి పొమ్మంటే వంగాను, అలమర తెరవమంటే తెరిచాను. ఆఖరికి శనగలు ఉడుకుతున్న కుండ మూత కూడా తీయించారు.

"ఇందులో పట్టేంత పిల్లయితే ఎప్పుడో వండేసేదాన్ని," అంది మరిగో. ఆ తర్వాత తెర దగ్గరికి మొహం పెట్టి, పిల్ల చర్చివైపు పరుగెత్తడం చూశానని వేలితో చూపించింది. ఆమె కళ్ళల్లో నవ్వు నాకు కనబడుతూనే ఉంది. నేను మాట్లాడకూడదు కదా.

చర్చికి ఎక్కాలంటే కొండంతా మెట్లే. "పైకి, పైకి" అని పిల్లల కేకలు. వెనక్కి తిరిగి చూస్తే మరిగో వస్తోంది, ఆమె వెనక ఇద్దరు జాలర్లు, పోస్టు మోసే పనాయోతా, ఊతకర్రతో పాదిరిగారు. అంతా కలిసి నన్ను తొందరపెట్టడం మొదలెట్టారు. మెట్ల చివరికి చేరేసరికి సిగ్నలు పోయింది. రాదొవాన్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే తెరమీద ఆగిపోయాడు. నేను టాబ్లెట్ నెత్తిమీదికి ఎత్తి గుండ్రంగా తిరిగాను. పాదిరిగారు తన కర్ర ఇచ్చి దాని కొసకి కట్టమన్నారు. మళ్ళీ బొమ్మ కదిలేసరికి అవతల పెద్ద గొడవ నడుస్తోంది. మరిగో మాట నమ్మినందుకు రాదొవాన్‌ని అందరూ తిడుతున్నారు.

మళ్ళీ కిందికి. గాడిద పాక, వాన నీటి తొట్టి, నా సొంత పడకగది. ఉతకని నా మేజోళ్ళు స్లోవాకియా పిల్లలంతా చూశారు. ద్రహోమీరా గడియారం వంక చూడటం కనబడింది. నాకు రొప్పు వస్తోంది, అయినా ఆగబుద్ధి కావడంలేదు. మాస్టారిననే మాట మరిచిపోయాను. ఈ పిల్ల ఎక్కడ నక్కిందో చూడకపోతే ఆ రోజు నాకు అన్నం సయించదనిపించింది.

రేవుకి వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. తెరలో పిల్లల్ని చూడాలని ముసలివాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. నేను టాబ్లెట్‌ని మెల్లగా ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిప్పాను. అప్పుడే అవతల గంట కొట్టింది. లెక్కప్రకారం కల్లిరోయి గెలిచినట్టే, అయినా వాళ్ళలో ఒక్కరూ లేవలేదు.

"ఆగండి," అంది ల్యుబిత్సా. "వెనక్కి తిప్పండి. అదుగో ఆ తాత. అందరూ వచ్చారు, ఆయనెందుకు రాలేదు?"

చలికాలానికి ఒడ్డుకి లాగి బోర్లించిన పడవమీద కల్లిరోయి తాత ఇసిదోరోస్ కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఏ చిన్న తగువైనా అందరికన్నా ముందు తల దూర్చే మనిషి. ఆ రోజు మాత్రం సముద్రంవైపు చూస్తూ, ఏమీ పట్టనట్టు కూర్చున్నాడు.

నేను ఇసుకలో ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డాను.

"మోకాలు నొప్పి మాస్టారూ, లేవలేను," అన్నాడు నేను అడక్కుండానే.

తెరలోంచి పిల్లలందరూ ఒక్క గొంతుతో "సీకో, పప్పూ" అన్నారు. మేం నేర్పిన మాటలే, లే తాతా అని. ముసలాయన మీసం వణికింది. నవ్వు ఆపుకోలేక తల దించుకుని, మెల్లగా లేచి పక్కకి తప్పుకున్నాడు. జాలర్లిద్దరూ పడవ అంచు పట్టి ఎత్తారు.

కల్లిరోయి బోర్లా పడుకుని ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, జుట్టునిండా ఇసుక, గౌనుకి తారు. టాబ్లెట్ చూడగానే చేతులు తీసేసి పెద్దగా నవ్వింది. అవతల పిల్లలు బల్లలమీదికి ఎక్కేశారు. నా చుట్టూ పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు, మరిగో నా భుజంమీద గట్టిగా చరిచింది. తెరలో, తలుపు దగ్గర, టోపీ చేత్తో పట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. పిల్లల్ని ఇళ్ళకి తీసుకెళ్ళే బస్సు డ్రైవరట. హారన్ కొట్టి కొట్టి లోపలికి వచ్చి, తనూ చూస్తూ ఉండిపోయాడు.

కల్లిరోయి లేచి ముందు తాతమీద విరుచుకుపడింది. "నీవల్లే దొరికిపోయాను తాతా. అందరితోపాటు లేచి వెళ్ళొచ్చుగా?"

"నువ్వు లోపల నవ్వుతుంటే పడవ ఊగిపోతోంది. లేస్తే ఊరంతా చూడదుటే," అన్నాడాయన.

ఇంటికి వెళ్ళేదాకా దారి పొడుగునా ఎదురైన ప్రతివాళ్ళతోనూ అదే మాట చెప్పింది, "నన్ను పట్టేసుకున్నారు" అని. అందరూ అక్కడే ఉండి చూశారన్న సంగతి ఆమెకు అడ్డు కాలేదు.

మరుసటి శుక్రవారం వెతికే వంతు కల్లిరోయిది. మా తరగతిలో కుర్చీలు చాల్లేదు. ఇసిదోరోస్, మరిగో, పనాయోతా, పాదిరిగారు, ఇంకా సగం రేవు వచ్చి కూర్చున్నారు. అవతల ద్రహోమీరా టాబ్లెట్ పట్టుకుని నడుస్తుంటే కల్లిరోయి వాళ్ళ స్లోవాక్ భాషలో కుడి, ఎడమ చెబుతోంది, ఒక్కటీ తప్పడంలేదు. కోట్లు తగిలించే గదిలో రాదొవాన్ బూట్లు బయటికి కనబడి దొరికిపోయాడు. ఇద్దరు వంటగదిలో పిండి బస్తాల వెనక, ఒకడు బస్సులో డ్రైవరు సీటు కింద. దొరికినవాళ్ళంతా ద్రహోమీరా వెనక చేరి, మిగిలినవాళ్ళ చోటు చెప్పెయ్యకుండా నోళ్ళు బిగించుకుని నడిచారు. ఆఖరికి ల్యుబిత్సా ఒక్కతే మిగిలింది.

మా భోజనాల వేళ దాటిపోయింది. ఇక చాలు, సోమవారం చూద్దామన్నాను. కల్లిరోయి నావైపు తిరగను కూడా లేదు. వెనకనుంచి మరిగో నన్ను కూర్చోమంది. తెరలో బడి వెనక తలుపు తెరుచుకుంది. పెరడంతా కొత్త మంచు, దానిలో ఒకే ఒక్క జత అడుగుల జాడ కట్టెల కొట్టం వైపు పోతోంది. మా తరగతిలో అందరూ తెరవైపు వంగారు.

"తిన్నగా," అంది కల్లిరోయి గొంతు తగ్గించి. "మెల్లగా వెళ్ళండి టీచర్. తనకి వినబడకూడదు."