మిద్దె బండ కింద సందు

పొద్దు మునగగానే మంజుశ్రీ వాళ్ల వసారా మీద, మిద్దె బండకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి గబ్బిలాలు ఒక్కొక్కటిగా జారిపోయేవి. బొటనవేలంతవి. మూడు సాయంత్రాలు ఆమె వాకిట్లో నిలబడి లెక్కపెట్టింది. రోజూ పదకొండే.

వాటి రెట్టలు నీళ్ల బిందెల మీద పడుతున్నాయని అత్త అంజినమ్మ ఒకటే సణుగుడు. నాలుగో సాయంత్రం మంజుశ్రీ పదకొండోది ఎగిరిపోయేదాకా ఆగి, భర్త శివరాజు చేత సందంతా సిమెంటు పూయించింది.

"ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు" అంది తృప్తిగా.

శివరాజు సోలార్ పార్కులో పలకలు కడుగుతాడు; అద్దాలు వేడెక్కకముందే పని మొదలుపెట్టాలి. మర్నాడు తెల్లవారుతుండగా బండి తీయబోయినవాడు ఆగి పిలిచాడు.

"మంజూ, ఈడికి రా!"

గబ్బిలాలన్నీ తిరిగొచ్చాయి. సిమెంటుకు తగులుకుంటున్నాయి, జారుతున్నాయి, మళ్లీ తగులుకుంటున్నాయి.

"అలవాటైన ఇల్లు గదా. రెండు దినాలు తిరిగి పోతాయిలే" అన్నాడతను.

మంజుశ్రీకి ఇంకేదో వినిపించింది. నీళ్ల డ్రమ్మెక్కి గోడకు చెవి ఆనించింది. లోపల్నుంచి సన్నటి కిచకిచ.

"పిల్లలుండాయి లోపల."

"పిల్లలేందమ్మే? గబ్బిలాయి గుడ్లు గదా పెట్టేది?" అంది అంజినమ్మ వాకిలి చిమ్ముతూనే.

"గుడ్లు కాదత్తా. పిల్లల్ని కని పాలిస్తాయి. కాలేజీలో చదివినా నేను." చదివింది. పరీక్షలో రాసింది కూడా. ఎగిరిపోయేవాటిని అంత జాగ్రత్తగా లెక్కపెట్టి, ఎగరలేనివి ఉంటాయని ఒక్కసారీ అనుకోలేదు.

"స్క్రూడ్రైవరు ఇయ్యి."

"నాకు టైమైతా ఉండాది మంజూ..."

"ఇయ్యప్పా!"

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది. లోపల నాలుగు పిల్లలు. పొట్టు తీసిన వేరుశనగ గింజల్లా, ఒంటి మీద నూగైనా లేకుండా. మూడు కదులుతున్నాయి. అంచున ఉన్న నాలుగోది పెచ్చుతో పాటే ఆమె అరచేతిలోకి వచ్చింది. దాని రెక్క సిమెంటులో అతుక్కుపోయింది. పిల్ల కదల్లేదు.

తల్లులు మనిషిని లెక్కచేయకుండా ఆమె వేళ్లను రాసుకుంటూ సందులోకి దూరాయి. ఒక్కటి మాత్రం లోపలికి పోలేదు. ఆమె మణికట్టు మీద వాలి, పాకుతూ అరచేతిలోకి దిగింది. పెచ్చును మూతితో నెట్టింది. మళ్లీ నెట్టింది.

మంజుశ్రీ చెయ్యి దించలేదు. శివరాజు బండికి స్టాండు వేసేశాడు.

అంజినమ్మ చీపురు పక్కన పెట్టి, నీళ్ల బిందెలు ఒక్కొక్కటే ఎత్తి గోడకు దూరంగా పెట్టసాగింది.