పేరు పిలిచేదాకా

బడి ఆవరణలో పెట్టబోయే రాతిపలక మీద తమ్ముడి పేరు ఉండదని పంతులమ్మకు వారం ముందే తెలిసింది. యుద్ధంలో పోయిన ఊరివాళ్ల వివరాలన్నీ సేకరించింది ఆమే. ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎక్కడ ఎలా పోయారో తల్లులనూ భార్యలనూ అడిగి రాసుకొచ్చింది. రాయి పెట్టించే కమిటీకి అధ్యక్షుడు ఒకప్పటి సైనికాధికారి. అంతా చదివి మెచ్చుకున్నాడు కానీ ఒక్క పేరు దగ్గర పెదవి విరిచాడు. రాయి తుపాకి పట్టినవాళ్లకేనట. మంచినీళ్ల ట్యాంకరు నడిపినవాడు జీతానికి వెళ్లినవాడట.

"మిగతావాళ్లు జీతం లేకుండా వెళ్లారా అండీ?" అని మాత్రం అడిగింది పంతులమ్మ. ఆయన వాచీ చూసుకున్నాడు.

తమ్ముడు సైనికులకు నీళ్లు తీసుకెళ్తూ మందుపాతర పేలి చనిపోయాడు. ఇంటికి వచ్చింది బండి తాళంచెవి ఒక్కటే. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఆవిష్కరణ రోజున పేర్లు చదివే పని పంతులమ్మకే అప్పగించారు. ఆమె క్లాసులో హాజరు తీసుకునే తీరు ఊరందరికీ తెలుసు. ముందు అందరూ నిలబడాలి, పేరు పిలిచాక ఒక్కొక్కరే కూర్చోవాలి. పోయినవాళ్ల ఇంటివాళ్లతో ఇప్పుడూ అలాగే చేయిద్దామంది. క్రమశిక్షణగా ఉంటుందని అధ్యక్షుడు తెగ సంబరపడ్డాడు.

ఒక్కో పేరూ పిలిచింది. ఒక్కో కుటుంబమూ కూర్చుంది. పేర్లు అయిపోయాయి. వెనకవరుసలో అమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"అయిపోయిందమ్మా, కూర్చోండి," అన్నాడు అధ్యక్షుడు, రాయి మీద కప్పిన తెర తాడు పట్టుకుని.

"మావాణ్ణి ఇంకా పిలవలేదు బాబూ."

ఆయన పంతులమ్మ వైపు తిరిగాడు. ఆమె కాగితం మడిచింది.

"పిలవందే కూర్చోకూడదండీ. మా క్లాసులో అంతే."

ముందువరుసలో ఒక సైనికుడి భార్య మళ్లీ లేచి నిలబడింది. 'ఈ రోజు కూడా నీళ్ల బండి వచ్చింది' అని తన భర్త ఆఖరి ఉత్తరంలో రాశాడని పక్కావిడతో చెప్పింది, అందరికీ వినపడేట్టే. పక్కావిడా లేచింది. చూస్తుండగానే కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి.

ఎంతసేపిలా నిలబడతారని అధ్యక్షుడు విసుక్కున్నాడు.

"మాకేం తొందర్లేదు సార్," అన్నాడు కొడుకును పోగొట్టుకున్న ఓ పెద్దాయన. "మీకు చెయ్యి లాగితే చెప్పండి, తాడు మేం పట్టుకుంటాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాయి మీద ఇంక చోటెక్కడుందని అధ్యక్షుడు రాతిపని మేస్త్రీ మీద ఇంతెత్తున లేచాడు. మేస్త్రీ తల గోక్కున్నాడు.

"అడుగున ఉందండి. తమరి పేరుకని వదిలాను."

అధ్యక్షుడు తాడు వదిలేసి, వెళ్లి తన కుర్చీలో కూలబడ్డాడు.

పంతులమ్మ తమ్ముడి పేరు పిలిచింది. కుటుంబాలన్నీ కూర్చున్నాయి. అమ్మ మాత్రం కదల్లేదు.

"పిలిచానుగా, కూర్చోమ్మా."

"ముందు చెక్కనీ," అంది అమ్మ, కొంగుముడి పిడికిట్లో బిగించి. "చెక్కాక కూర్చుంటా."

మేస్త్రీ ఉలి తేవడానికి వెళ్లాడు.