కుంకుమ పడ్డ టేపు

సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ సుధేష్ణ అట్టపెట్టె మూత తీసి చూసింది. టేపు చుట్ట మీద పసుపు, దాని మీద నిండుగా కుంకుమ. పొడి కాస్తా పొరల మధ్యకి దిగింది.

అత్తగారు శ్యామలాదేవిని అని లాభం లేదు. ఆయుధపూజ నాడు పనిముట్లకి బొట్టు పెట్టడం ఆవిడ ఐర్లండులోని వాటర్‌ఫోర్డ్ వచ్చినా మానలేదు. నిన్నటి పూజలో లాప్‌టాపు, మిక్సీ, కారు తాళాలు, వాటి పక్కనే పాత టేప్ రికార్డరూ, ఈ పెట్టే. "పూజలో పెట్టినవి ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు," అంటే సుధేష్ణ సరేనంది. బొట్టు మూత మీదే అనుకుంది.

అసలు టేపు ఇంటికి రావడమే తప్పు. ఆమె పనిచేసే చిన్న ఆర్కైవులో, ఈ ఊళ్ళనుంచి అమెరికాలోని అపలాచియన్ కొండలకి బొగ్గు తవ్వడానికి పోయినవాళ్ళ ఫొటోలూ గొంతులూ దాస్తారు. ఏదీ గడప దాటకూడదు. అక్కడి మిషను పాడైందని, భర్త వినీత్ దగ్గర ఒకటుందని, చెప్పాపెట్టకుండా తెచ్చేసింది. కాపీ తీసి శభాష్ అనిపించుకుందామనుకుంది. అతితెలివి అంటే ఇదే.

టేపు నోరాది. తొంభై దాటిన మనిషి. అన్న డిన్నీ ఆ కొండలనుంచి పంపితే, ఇంట్లో వినే మిషను లేక తల్లి దాన్ని వంటింటి ప్రెస్‌లో, అంటే అలమరలో, గిన్నెల వెనక దాచింది. ఆ ఏడే గని కూలి డిన్నీ పోయాడు. ఆ గొంతు ఇంతవరకూ ఇంట్లో ఎవరూ వినలేదు. మిషను పాడవకముందే అనుకున్న ప్రకారం ఇవాళ వినడానికే నోరా వస్తోంది.

బస్సులో సుధేష్ణ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్తే ఉద్యోగం మిగలదు. చెప్పకుండా మిషనెక్కిస్తే ఆ పొడి గీరి గొంతే మిగలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిషను లేదుగా, ఇవాళ్టికి గండం గడుస్తుందని మనసు సర్దుకుంది.

తీరా వెళ్ళేసరికి నోరా జుట్టు చక్కగా దువ్వుకుని కూర్చునుంది. పై అధికారి ఫెర్గల్ ఎక్కణ్ణుంచో మిషను అరువు తెచ్చి పెట్టాడు. "ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపాడు.

సుధేష్ణ ఇవ్వలేదు. "వద్దండీ. తిప్పితే పాడైపోతుంది," అంది. జరిగిందంతా చెప్పేసింది.

ఫెర్గల్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నీ సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నాడు. శుభ్రం చేయడానికి డబ్లిన్ పంపాలట, నెలలు పట్టొచ్చట, అంతా దక్కుతుందని చెప్పలేడట.

నోరా పెట్టె అడిగి తీసుకుంది. ఆ ఎరుపుని చాలాసేపు చూసింది. "ఇది ఎందుకు పెడతారు?"

"మాకు తిండి పెట్టే వస్తువులకి దణ్ణం పెట్టుకుంటాం."

"మా అమ్మ ఆ ప్రెస్ ముందు నిలబడి ప్రార్థన చేసేది. ఆవిడ తర్వాత దీనికి దణ్ణం పెట్టింది మీ అత్తగారే." పెట్టె తిరిగిచ్చి, "గ్రాండ్, పర్లేదు. ఆగుతాను," అని లేచింది. కోటు గుండీలు పెట్టుకోబోతే వేళ్ళకి పట్టు దొరకలేదు. సుధేష్ణ పెట్టింది. తిట్టినా బావుండేదనిపించింది.

సాయంత్రం సుధేష్ణ సంగతంతా శ్యామలాదేవికి చెప్పింది. ఆవిడ కాళ్ళు కడుక్కుని దీపం వెలిగించి అర్చనకి కూర్చుంది.

"పేరు చెప్పు."

"డిన్నీ, అత్తయ్యగారూ. గోత్రం అవీ వాళ్ళకుండవు."

"తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం ఉందిగా. నేనడిగింది ఆయన పేరు కాదే. ఆ పెద్దావిడ పేరు చెప్పు. టేపు వచ్చేదాకా ఉండాల్సింది ఆవిడ."