యోహాను కోసం యాంటెన్నా

గొంతు ఆపరేషన్‌తో యోహానుకు మాట పోయింది. అంతకుముందు వికారాబాదులో ఆయన, తాండూరులో మత్తయ్య, పొద్దుగూకితే చాలు హామ్ రేడియోలో గంటలకొద్దీ ముచ్చట్లు పెట్టుకునేవారు. మాట పోయాక ప్యాకెట్ పద్ధతికి మారారు. కంప్యూటర్‌లో టైపు చేస్తే ఆ అక్షరాలను రేడియో మోసుకుపోతుంది. అవతలివాడి రేడియో పెట్టె పలకకపోతే, సందేశం పంపినవాడి పెట్టెలోనే ఆగి ఉంటుంది.

బాధల్లా అనంతగిరి గుట్టలతోనే. అవి అడ్డం ఉండి, రెండు వాక్యాలు రావడానికి అరగంట పట్టేది. జబ్బు మనిషి అంతసేపు కూర్చుంటున్నాడని మత్తయ్య బాధపడేవాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే మిద్దె మీది పాత యాంటెన్నా దించేశాడు. ఉన్నది ఒకటే గొట్టం, ఒకటే కేబుల్; కొత్తది తగిలించేదాకా ఆయన రేడియో పలకదు. యోహానుకు మాత్రం చెప్పలేదు. ఉన్నట్టుండి అక్షరం పొల్లుపోకుండా అందితే వాడెంత మురిసిపోతాడోనని ఆశ.

సోమవారానికే అల్యూమినియం కడ్డీలతో కొత్తది లేచింది. అప్పుడే రేడియోకు తగిలించి ఉంటే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్లు పాలిషింగ్ యూనిట్‌లో బండలు నునుపు చేసిన చెయ్యి కదా, ఊరుకుంటుందా! యాంటెన్నాలో ఎంత శక్తి వృథా అవుతోందో చూపే మీటరు ముల్లు ఇంకొంచెం దిగాలన్నాడు. కడ్డీ చివరను ఆకురాయితో అరగదీయడం, మీటరు చూడటం, మళ్లీ అరగదీయడం. పట్టుదల అంటే ఆయన సంతోషిస్తాడు గానీ, అది వట్టి మొండితనం. మంగళవారం పోయింది, బుధవారమూ పోయింది.

“ఇగ చాలు తియ్యి. గా కడ్డీలను పెండ్లికొడుకును చేసినట్టు చేస్తున్నవ్. ముందుగాల యోహానన్న ఎట్లున్నడో అడుగరాదు?” అంది భార్య మొగులమ్మ.

“జర సక్కగ కానీ, అడుగుత.”

గురువారం సాయంత్రానికి ముల్లు అట్టడుగుకు దిగింది. కేబుల్ బిగించి, రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉండే యోహాను పెట్టెను పిలిస్తే ఒక్క పిలుపుకే పలికింది. మత్తయ్య పట్టలేని సంతోషంతో చప్పట్లు కొట్టాడు. తన పేరిట ఆగి ఉన్న సందేశం తెర మీదికి వచ్చింది. మంగళవారం నాటిది.

“రేపు పొద్దుగాల పట్నం తీస్కపోతుండ్రు. మళ్ల ఆపరేషన్. నాకు భయమైతుంది మత్తయ్యా. భయమని పిల్లలకు చెప్పలె. నువ్వొచ్చి పక్కన కూసుంటే చాలు.”

వెంటనే యోహాను కూతురు రెబెక్కకు ఫోన్ చేశాడు.

“నీకే చేయబోతున్న చిన్నాయనా. నాయిన లేడు. ఇయ్యాల పగటీలి ఆపరేషన్ నడుమల్నే గుండె ఆగింది. నిన్న నీకు ఫోన్ చేస్తనంటే నా చెయ్యి పట్టుకుని ఆపిండు. ‘మత్తయ్యకు రాసిన, వస్తడు’ అని పలక మీద రాసి చూపిచ్చిండు. నీ కోసం ఇంటి ముంగట గంటన్నర బండి ఆపిచ్చిండు. నీకు అందలేదా?”

“ఇప్పుడే అందింది బిడ్డా.”

“గిన్ని దినాలు ఏం చేసినవ్ చిన్నాయనా?”

“కడ్డీలు అరగదీసిన బిడ్డా,” అన్నాడు మత్తయ్య.