జెట్టీ మీది ఎర్ర వెలుతురు

నేను ఒక ఫోకస్ లైటుని. పుట్టింది రేకులు వంచే షెడ్డులో, పెరిగింది నాటకాల పందిళ్ళలో. ఇప్పుడు సముద్రం దాటొచ్చి అండమాన్లో ఒక చిన్న దీవి జెట్టీ స్తంభానికి వేలాడుతున్నాను. దీపాన్ని కదా, మొన్నటిదాకా దారినపోయే ప్రతివాడూ నాకు దణ్ణం పెట్టేవాడు. నా తలకి ఎక్కింది ఆ దణ్ణాలే.

శ్రీకాకుళం వైపు ఊరూరా తిరిగే నాటక సమాజంలో లైట్ల దాలినాయుడు నా మొదటి యజమాని. నా మూతి ముందున్న గాడిలో జిలాటిన్ కాగితం దూర్చేవాడు. రాక్షసుడొస్తే ఎర్రది, వెన్నెలకి నీలిది. నీలం పెడితే రాత్రి, తీసేస్తే పగలు. రాత్రంటే కాగితం ముక్కేనని నేను నమ్మింది అక్కడే. జనం ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చున్నాక సమాజం చెదిరిపోయింది. దాలినాయుడు నన్ను తీగలతో సహా అమ్మేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. కాగితాల కట్ట కూడా ఇచ్చేశాడు, అది నా పెట్టె అడుగున ఉండిపోయింది.

నన్ను కొన్నది మసేనమ్మ. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికొచ్చిన జాలరుల మనవరాలు. ఆమె పెనిమిటి సోములు వేట నుంచి చీకటి పడ్డాక వచ్చి, పోటు దిగిపోయి పాచి పట్టిన జెట్టీ మెట్టు మీద కాలు జారి, తల పగిలి పోయాడు. దినాలు కాగానే మసేనమ్మ పెద్దల ముందు కూర్చుంది. “దీపం ఎయ్యండి. ఎయ్యకపోతే నానేసుకుంటాను” అంది. వాళ్ళు తలలూపారు, దీపం మాత్రం రాలేదు. చివరికి ముక్కుపుడక అమ్మి, సొంతూరు వెళ్ళొచ్చే చుట్టం చేత నన్ను తెప్పించింది. ఐసు షెడ్డు జనరేటరు నుంచి తీగ లాగి, స్విచ్చి తన గుడిసె గుమ్మం దగ్గర పెట్టుకుంది. నాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, “ఇంకెవరి ఇల్లూ ఆరిపోకూడదమ్మా” అంది. స్టేజీ మీద చప్పట్లు విన్నానుగాని, అలాంటి మాట వినలేదు. ఆ రాత్రి ఒళ్ళు మరిచి వెలిగాను.

నా వెలుతురు మెట్ల మీదే ఆగలేదు. జెట్టీ పక్కనే పగడపు దిబ్బ. నీళ్ళు అద్దంలా ఉంటే దాని కన్నాలు కూడా నాకు కనపడతాయి. పగలంతా ఆ కన్నాల్లో ఎర్రకన్నులనే చేపలు దాక్కుంటాయి. ఒళ్ళంతా ఎరుపు, మొహంలో సగం కళ్ళే. పట్టుకుంటే గుర్రుమంటాయి, ముసలమ్మని నిద్ర లేపినట్టు. పొద్దుగూకే వేళ పగటి చేపలన్నీ గూళ్ళు చేరాక, కొంచెంసేపు దిబ్బ మీద ఎవరూ ఉండరు. అప్పుడు ఇవి ఒకటొకటిగా బయటికొచ్చి, చీకట్లో పైకి తేలే సన్న రొయ్యల్నీ పురుగుల్నీ మేస్తాయి. సోములు తమ్ముడు గురువులు ఆ వేళకి డుంగీ అనే చిన్న పడవ తోసుకెళ్ళి చేతి గేలంతో వాటినే పట్టేవాడు. పొద్దున్నే మసేనమ్మ గంపలో పెట్టుకుని అమ్మేది. రెండు పొయ్యిలు ఆ గంప మీదే వెలిగేవి.

నేనొచ్చాక గంప తేలికైంది.

ఎర్రకన్నులు కన్నం అంచుదాకా వచ్చి, ఆ పెద్ద కళ్ళతో నన్ను చూసి, లోపలికి వెళ్ళిపోయేవి. ఏ పిల్లదైనా తెగించి బయటికొస్తే, పార చేపలు నా వెలుతుర్లో కాపు కాసి మింగేసేవి. ఇదంతా నాకు కనపడుతూనే ఉంది. కానీ దోషం నాదని తోచలేదు. వెలుగు కూడా తప్పు చేస్తుందని దీపానికి ఎవరు చెప్తారు?

ఊరు మాత్రం కారణం కనిపెట్టేసింది. సోములు నెత్తురు మెట్టు మీంచి నీళ్ళలో కలిసింది కాబట్టి దిబ్బకి మైల తగిలిందట, గంగమ్మ మొహం తిప్పుకుందట. శాంతి చేశారు. కోడిని కోశారు. చేపలు తిరిగొచ్చేదాకా గంగమ్మకి అఖండ దీపం పెడతానని మసేనమ్మ మొక్కుకుంది. ఆ దీపం నేనే. అంతకుముందు పడవలన్నీ ఒడ్డుకి చేరగానే ఆర్పేసేది. ఇప్పుడు తెల్లవార్లూ వెలగడమే. రోగానికే బొట్టు పెట్టి మందనుకుని పూజించారు. నేనూ బిగుసుకుని వెలిగాను, దణ్ణాలు అందుకుంటూ.

గురువులు పెద్ద బోటెక్కే మాట ఎత్తాడు. అది లోతు సముద్రంలోకి పోయే బోటు. ఎక్కినవాడు నెలల తరబడి రాడు, కొందరు అసలే రారు.

“నువ్వూ పోతే ఈ గుమ్మం ముందు కూకుని నానెవల కోసం సూడాలి?” అంది మసేనమ్మ.

“ఇక్కడుండి గాలి తినమంటావేటి వొదినా?”

ఆ రోజుల్లోనే వసుధ అనే అమ్మాయి వచ్చింది, విశాఖపట్నంలో చేపల చదువు చదువుతోంది. సాయంత్రాలు దిబ్బ మీద మునిగి, రాత్రి తిరిగే చేపల్ని చూడడం ఆమె పని. మసేనమ్మ గుడిసెలోనే అన్నం తినేది. రెండు మూడు సాయంత్రాలు మునిగి లేచాక, తడి జుట్టు పిండుకుంటూ నా వైపు చెయ్యి చూపించింది.

“అత్తా, చేపలు ఎక్కడికీ పోలేదు. కన్నాల్లోనే ఉన్నాయి. పున్నమి వెన్నెలకే అవి బయటికి రావడానికి భయపడతాయి. నువ్వేమో వాటికి రోజూ పున్నమి చేశావు. ఒక చిన్న చేప ఉంది, అందులో మగదే గుడ్లు నోట్లో పెట్టుకుని తిండి మానేసి పొదుగుతుంది. చీకట్లోనే పిల్లల్ని వదులుతుంది. అది కూడా నోరు మూసుకుని కూర్చుంది.”

“ఓలమ్మా, తిండి మానేసిన మగోడా! మా ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడేటి?” అని నవ్వింది మసేనమ్మ. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “అయితే దీపం ఆర్పీమంటావు.”

వసుధ గుమ్మం దగ్గరి స్విచ్చి వైపు చూసింది.

“నీ సేప కళ్ళకి సల్లగుండాలని మా మరిది కాలు జారి సావాలా?”

గురువులు వల అల్లుతున్నట్టు తల వంచుకునే అన్నాడు. “వొదినా, ఒక్క పూట ఆర్పి సూస్తే...”

“ఆర్పు. మీ అన్నని అడిగి ఆర్పు.”

అతను లేచి వెళ్ళిపోయాడు. పొద్దున్న పెద్ద బోటు మనిషితో మాట ఖాయం చేసుకొచ్చాడు. స్తంభం మీద నేను కాలుతూనే ఉన్నాను. నా పుట్టుకలో మొదటిసారి, నన్నెవరైనా ఆర్పితే బాగుండుననిపించింది. ఆర్పితే మెట్టు చీకటి. వెలిగితే దిబ్బ చీకటి. దీపం కింద చీకటని ఊరికే అనలేదు పెద్దలు.

మర్నాడు పొద్దుగూకుతుండగా వసుధ మునగబోతూ టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటోంది. మసేనమ్మ అలవాటుగా మెట్లు కడుగుతోంది. సోములు పోయాక రోజూ ఇసుకతో పాచి గీకి కడుగుతుంది.

“అదేటి, లైటుకి సీర కడతన్నావు?”

“ఈ చేపలకి ఎరుపు కనపడదు అత్తా. మనకి వెలుతురు, వాటికి చీకటి. లోతు నీళ్ళలో మొదట చచ్చిపోయే రంగు ఎరుపే. అందుకే అవి ఎర్రగా ఉంటాయి, రాత్రి ఎవరికీ కనపడకుండా.”

మసేనమ్మ చేతిలోని ఇసుక అలాగే ఉండిపోయింది. తర్వాత గుడిసెలోకి వెళ్ళి, మంచం కింద నా పాత పెట్టె బోర్లించింది. కాగితాల కట్ట దొర్లింది. దాలినాయుడి రాక్షసుల ఎరుపు, నాతోపాటే సముద్రం దాటొచ్చిన ఎరుపు. నా దగ్గరే ఉంది. నోరుంటే ముందే చెప్పేవాణ్ణని గొప్పలు పోను. ఏమో, దణ్ణాల కోసం అప్పుడు కూడా ఊరుకునేవాణ్ణేమో.

గురువులు నిచ్చెనేసుకుని ఎక్కి ఆ కాగితం నా గాడిలో దూర్చాడు. జెట్టీ అంతా ఎర్రబడింది. అందరూ దిబ్బ వైపు చూశారు. మసేనమ్మ ఒక్కతే మెట్టు వైపు చూసింది. కడిగి ఆరబెట్టిన ఆ రాయి, నా వెలుతుర్లో, సోములు పడ్డ ఆ రాత్రి ఎలా ఉందో అలాగే ఆమెకి కనిపించింది. ఆమె చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది. ఆగింది. దిగింది.

మొదటి రోజు ఏమీ పడలేదు. తర్వాత కొన్నాళ్ళకి డుంగీలో గుర్రుమనే చప్పుడు వినిపించింది. ఒకటో రెండో. గంప ఇంకా సగం కూడా నిండదు. పెద్ద బోటు మాత్రం గురువులు లేకుండానే వెళ్ళిపోయింది. వసుధ కూడా వెళ్ళిపోయింది. మొక్కు తప్పావని ఊళ్ళో కొందరు మసేనమ్మని ఇంకా దెప్పుతూనే ఉన్నారు. ఇప్పుడు నాకు దణ్ణం పెట్టేవాళ్ళు లేరు. ఎర్ర దీపానికి ఎవరు పెడతారు?

నాటకంలో నా ఎరుపులోనే రాక్షసుడు చచ్చేవాడు. తెర పడగానే లేచి రంగు కడుక్కుని బీడీ కాల్చుకునేవాడు. ఇక్కడ తెర లేదు. రోజూ సాయంత్రం మసేనమ్మ నన్ను వెలిగించి, మెట్లకి వీపు పెట్టి, గుమ్మంలో కూర్చుంటుంది. డుంగీ జెట్టీకి తగిలిన చప్పుడు వినపడుతుంది.

“వొదినా, వచ్చీసినాను.”

వానలు వెళ్ళిపోయాయి. రాళ్ళు పొడిగా ఉన్నాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

“మెట్టు తడిగుంది నాయనా, సూసుకుని ఎక్కు” అంటుంది, తల తిప్పకుండా.