వంటక్క చేతి ఉప్పు

అద్దకం మిల్లు క్యాంటీన్‌లో పదకొండేళ్ళుగా వంటక్క కూరకి ఎదురులేదు. అలాంటి కూర రెండు నెలలుగా ఉప్పుకషాయమైపోతోంది. నూలుకి రంగులద్దే పనివాళ్ళు పాపం పెదవి విప్పకుండా తిని, గ్లాసులకు గ్లాసులు నీళ్ళు తాగి లేచిపోయేవారు. ఇంట్లో భర్తా, కూతురూ కూడా అంతే. అసలే మనిషి చిక్కి సగమైంది, నాలుగు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయంటోంది. ఇప్పుడు ఈ మాట కూడా అని నొప్పించడమెందుకని వాళ్ళ జాలి.

జాలీ గీలీ లేనివాడు రంగుల మాస్టారొక్కడే. నమూనా గుడ్డ పక్కన అద్దిన గుడ్డ పెట్టి, ఛాయలో వెంట్రుకవాసి తేడా ఉన్నా తొట్టి మొత్తం పారబోయించే మనిషాయన. తిండి దగ్గరా అదే వరస.

"ఇది కూరా, సముద్రమా?" అంటూ రోజూ కంచం తోసేసేవాడు.

వంటక్కకి ఒళ్ళు మండిపోయేది. ఆమె నాలుకకి అది చప్పగానే ఉండేది మరి! పొయ్యి దగ్గర ఉప్పుకల్లు ఒకటి బుగ్గన పెట్టుకుంటే గానీ ప్రాణం కుదుటపడేది కాదు. సిగ్గేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఇక పట్టలేక, కూర అరచేతిలో వేసుకుని ఆయన ముందే నాకేసింది. ఖాళీ చెయ్యి ఆయన మొహం మీదికి చాచింది.

"ఏదీ, ఎక్కడుంది మాస్టారూ మీ సముద్రం?"

మాస్టారు ఆ చేతినే చూస్తున్నాడు. అరచేతి గీతలు సిరాతో గీసినట్టు నల్లగా ఉన్నాయి.

"రంగుతొట్టిలో చెయ్యి పెట్టావా?"

"తొట్టితో నాకేం పని?"

"రంగైతే ముందు గోళ్ళకి పడుతుంది. నీ గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గీతల్ని మాత్రమే పట్టుకునే రంగు ముప్పై ఏళ్ళలో నేను చూళ్ళేదు. నడు, డాక్టరు దగ్గరికి."

"మరి కూర?"

"తగలెయ్యి కూరని! నడవమన్నానా?"

డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఆమెను మంచం దిగనివ్వలేదు.

"కిడ్నీల నెత్తిన టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయమ్మా, అడ్రినల్ గ్రంథులని. ఒంట్లో ఉప్పుని నిలిపే హార్మోనూ, జబ్బు చేస్తే తట్టుకునే హార్మోనూ అవే తయారు చేస్తాయి. మీకు అవి దెబ్బతిన్నాయి. తిన్న ఉప్పు తిన్నట్టే మూత్రంలో పోతోంది. అందుకే నాలుక ఇంకా కావాలంటోంది."

"మరి ఆ నలుపు?" అడిగింది మాస్టారే.

"మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. వీటికి పని పురమాయించే హార్మోను పంపేది అదే. ఇవి పలక్కపోయేసరికి పంపిందే మళ్ళీ మళ్ళీ పంపుతోంది. అది మితిమీరితే చర్మం నల్లబడుతుంది." డాక్టరు వంటక్క వైపు తిరిగాడు. "ఈ స్థితిలో మామూలు జ్వరం తగిలినా మనిషి దక్కేది కాదు."

వంటక్కకి కూతురి పెళ్ళి కాదు, కూతురి జడ గుర్తొచ్చింది, పొద్దున్న సగమే అల్లి వచ్చిన జడ.

గ్రంథులు చేయలేని హార్మోన్లని మాత్రలుగా ఇచ్చారు. అవి జీవితాంతం వేసుకోవాలి. నాలుగు రోజులకి లేచి కూర్చుంది. వారం తిరిగేసరికి ఆసుపత్రి సూపులో ఉప్పెక్కువైందని తనే మూతి ముడిచింది. ఇన్నేళ్ళూ ఒక్క రోజు సెలవడక్కుండా చాకిరీ చేసిన ఆ రెండు గ్రంథులకీ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. లోపల అలాంటివాళ్ళున్నారనే ఆమెకి తెలీదు మరి.

ఇంటికి పంపే రోజు నర్సు ఒక కార్డు నింపుతోంది. స్పృహ తప్పితే వెంటనే ఏ ఇంజక్షన్ ఇవ్వాలో రాసి ఉండే కార్డు, ఎప్పుడూ దగ్గరే ఉండాలి. కబురు చేయాల్సినవాళ్ళలో భర్త పేరు రాసి, "ఇంకొకరు?" అంది.

వంటక్క గుమ్మంవైపు చూసింది. మాస్టారు అక్కడ గోడకి వేసిన రంగు సమంగా లేదని ఎవరితోనో తగువు పడుతున్నాడు.

"ఆయన నంబరు రాయండి. మా అన్నయ్య."

"సొంత అన్నయ్యేనా?"

"సొంతవాళ్ళంతా బాగున్నట్టే తిన్నారమ్మా," అంది వంటక్క, కళ్ళు తుడుచుకుంటూ. "తిట్టింది ఈయనొక్కరే."